గళ్ల రంగు చూసి మందు వాడొద్దు

తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ సాయంత్రం వేళ ఏ మందుల షాపు దగ్గరైనా ఈ మాట వినపడుతుంది. “అన్నా, వారం నుంచి దగ్గు. గళ్ల పచ్చగా పడతా ఉంది. ఏదన్నా పవరున్న మాత్ర ఇయ్యి.” కౌంటరు అవతలి మనిషి మూడు అజిత్రోమైసిన్ మాత్రలు, ఒక దగ్గు మందు సీసా కవర్లో వేసిస్తాడు. జ్వరం ఉందా, ఆయాసం వస్తోందా, ఈమధ్య మనిషి చిక్కిపోయాడా, ఇంట్లో ఎవరికైనా ఇంతకుముందు క్షయ వచ్చిందా అని అడిగేవాళ్లు తక్కువ. గళ్ల రంగు ఒక్కటి చూసి జబ్బేమిటో తేల్చేస్తున్నాం.

గళ్ల రంగుకు అర్థం లేకపోలేదు. డాక్టర్లు కూడా రంగు అడుగుతారు. అయితే అది చెప్పే సంగతులు కొన్నే, చెప్పలేనివి చాలా ఎక్కువ. ఈ తేడా తెలియకపోతే నష్టం రెండు విధాలు. అక్కర్లేని యాంటీబయాటిక్ మింగుతాం, అవసరమైన పరీక్షను వాయిదా వేస్తాం. మొదటిది డబ్బుకూ ఒంటికీ చేటు. రెండోది కొన్నిసార్లు ప్రాణానికే ముప్పు.

గళ్ల ఎందుకు పుడుతుంది

ముక్కు మొదలుకొని ఊపిరితిత్తుల్లోని గొట్టాల దాకా లోపలి గోడంతా పలచటి జిగురు పొర ఉంటుంది. అందులో 95 శాతం పైగా నీరే. మిగతాది మ్యూసిన్ అనే ప్రొటీన్లు, లవణాలు. పీల్చిన గాలితో వచ్చే దుమ్ము, పొగ నుసి, క్రిములు ఈ జిగురుకు అంటుకుపోతాయి. జిగురు కింద సీలియా అనే కంటికి ఆనని నూగు ఉంటుంది. అది సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ ఆ జిగురును గొంతు వైపు నెడుతుంది. ఇంటికి స్లాబు పోసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి సిమెంటు బొచ్చెను చేతులు మార్చుకుంటూ పైకి అందిస్తారే, అచ్చం అలాగే. గొంతు దాకా వచ్చిన జిగురును మనకు తెలియకుండానే మింగేస్తాం. కడుపులోని ఆమ్లం మిగతా పని చూసుకుంటుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఈ పని రాత్రింబవళ్లు సాగుతూనే ఉంటుంది. జిగురు మరీ ఎక్కువైనా, చిక్కబడినా, నూగు దెబ్బతిన్నా దగ్గుతో బయటికి తోయాల్సి వస్తుంది. అప్పుడే అది గళ్ల. బీడీ, సిగరెట్ తాగేవారిలో ఆ నూగు చచ్చుబడుతుంది కాబట్టి రాత్రంతా పేరుకున్నదాన్ని వాళ్లు పొద్దున్నే దగ్గి కక్కాల్సి వస్తుంది. ‘ఇది మామూలే, రోజూ ఉండేదే’ అని వాళ్లు సరిపెట్టుకుంటారు. ఏళ్ల తరబడి ప్రతి ఉదయం గళ్ల పడటం మామూలు విషయం కానే కాదు. అది దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌కు మొదటి గుర్తు.

తెల్లదీ, పచ్చదీ

నీళ్లలాగా, లేదా తెల్లగా జిగటగా వచ్చే గళ్ల ఎక్కువగా పడిశం, అలర్జీ, ఉబ్బసాల్లో కనిపిస్తుంది. ఉబ్బసంలో అది సాగుతూ, తెగకుండా వస్తుంది. తోడుగా పిల్లికూతలు, తెల్లవారుజామున ఆయాసం ఉంటే ముందుగా ఆలోచించాల్సింది ఇన్‌హేలర్ గురించి.

అసలు గందరగోళమంతా పసుపు, ఆకుపచ్చ రంగుల దగ్గరే. ‘రంగు మారింది కాబట్టి చీము పట్టింది, చీము పట్టింది కాబట్టి యాంటీబయాటిక్ కావాలి’ అన్నది జనంలో బాగా పాతుకుపోయిన లెక్క. ఆ రంగు ఎక్కడిదో చూస్తే ఈ లెక్క నిలవదు. ఒంట్లోకి క్రిమి జొరబడగానే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుకుంటాయి. క్రిమిని చంపడానికి వాటి కడుపులో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. అందులో ఇనుము ఉంది, దాని సహజమైన రంగే ఆకుపచ్చ. 1941లో స్వీడన్ శాస్త్రవేత్త అగ్నర్ దాన్ని చీములోంచి వేరుచేసినప్పుడు ఆ రంగును బట్టే ‘వెర్డోపెరాక్సిడేజ్’ అని పేరు పెట్టాడు. అంటే గళ్లలో మనం చూసే ఆకుపచ్చ రంగు క్రిములది కాదు, మన సొంత సైన్యానిది. కణాలు కొద్దిగా ఉంటే పసుపు, ఎక్కువై చాలాసేపు నిలవ ఉంటే ఆకుపచ్చ.

ఆ సైన్యం బ్యాక్టీరియా వచ్చినా కదులుతుంది, వైరస్ వచ్చినా కదులుతుంది. మామూలు పడిశంలోనే మొదటి రెండు మూడు రోజులు నీళ్లలా కారింది తరవాత చిక్కబడి పసుపో ఆకుపచ్చో అవుతుంది, మళ్లీ తేటపడుతుంది. ఈ మార్పంతా ఏ మందూ లేకుండానే జరిగిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఇసినోఫిల్స్ అనే వేరే కణాల వల్ల కూడా గళ్ల పసుపురంగులో వస్తుంది. అక్కడ క్రిమి అన్నదే ఉండకపోవచ్చు.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. యూరప్‌లో 13 దేశాల్లో దగ్గుతో డాక్టరు దగ్గరికి వచ్చిన 3,402 మంది పెద్దవాళ్లను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. గళ్ల పసుపుగా, ఆకుపచ్చగా ఉందన్నవాళ్లకు డాక్టర్లు యాంటీబయాటిక్ రాసే అవకాశం, గళ్లే పడనివాళ్లతో పోలిస్తే, మూడు రెట్లకు పైగా ఎక్కువగా ఉంది. అయినా ఆ మందు వాడటం వల్ల వాళ్లు త్వరగా కోలుకున్నది లేదు. మాటామంతీ నిమిషాల్లో ముగించాల్సిన మన దగ్గరా ఇదే జరుగుతోంది.

దగ్గు ఎన్నాళ్లు ఉంటుందన్న విషయంలోనూ మన అంచనా తప్పుతోంది. వారానికల్లా తగ్గిపోవాలని అందరం అనుకుంటాం. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి లెక్క ప్రకారం జలుబుతో వచ్చిన దగ్గు తగ్గడానికి సగటున 18 రోజులు పడుతుంది. ఎనిమిదో రోజున ఓపిక నశించి మాత్ర మింగినవాడు పదిహేనో రోజున నెమ్మదిస్తే ఆ ఘనత మాత్రకు దక్కుతుంది. మళ్లీ దగ్గు వచ్చినప్పుడు అదే మాత్ర అడుగుతాడు. ఇలా అవసరం లేకుండా మింగిన ప్రతి కోర్సూ ఒంట్లోని బ్యాక్టీరియాను మందుకు లొంగకుండా మొండిగా తయారుచేస్తుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

రంగుకు విలువ ఉన్న సందర్భం ఒకటుంది. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు), బ్రాంకియెక్టసిస్ (ఆ గొట్టాలు సాగి వదులైపోయే జబ్బు) లాంటివాటితో ఏళ్లుగా బాధపడేవాళ్లకు తమ గళ్ల రోజూ ఎలా ఉంటుందో తెలుసు. రోజూ తెల్లగా ఉండేది ఒక్కసారిగా ఆకుపచ్చగా మారి, ఆయాసమూ గళ్లా రెండూ పెరిగితే బ్యాక్టీరియా తోడైందని అనుమానించాలి. సీఓపీడీ రోగుల మీద 2000లో వచ్చిన ఒక పరిశోధనలో చీములాంటి గళ్ల నమూనాల్లో 84 శాతం, తెల్లటి వాటిలో 38 శాతం మాత్రమే బ్యాక్టీరియాను చూపించాయి. అందుకే వాళ్లకు డాక్టరు రంగును బట్టి యాంటీబయాటిక్ రాయడం సబబే. మొన్నటిదాకా నిక్షేపంగా ఉండి నిన్నటి వానకు పడిశం పట్టినవాడికి ఆ సూత్రం వర్తించదు.

నల్లది, ఎర్రది, ఇంకా కొన్ని

బూడిద రంగు, నలుపు కనిపిస్తే ముందు ఆ మనిషి ఏ గాలి పీలుస్తున్నాడో అడగాలి. చిత్తూరు చుట్టుపక్కల బెల్లం గానుగల దగ్గర చెరకు పిప్పి మంట పెట్టి గంటల తరబడి పాకం కాచేవాళ్లున్నారు. గాలి ఆడని వంటింట్లో కట్టెల పొయ్యి ముందు జీవితమంతా గడిపిన పెద్దమ్మలున్నారు. వీళ్లు ఒక్క బీడీ అయినా తాగకపోయినా, గళ్లలో నల్లటి నుసి పడుతుంది. ముప్పయ్యేళ్ల పొగ తరవాత వచ్చే ఆయాసాన్ని ‘వయసు మీద పడింది’ అని వదిలేస్తారు. అది చాలావరకు సీఓపీడీ. ఊపిరి ఊది చేసే స్పైరోమెట్రీ అనే తేలికైన పరీక్షతో అది బయటపడుతుంది.

గ్రానైట్ పనివాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కుప్పం, చిత్తూరు వైపు క్వారీల్లో, కోత, పాలిష్ యూనిట్లలో లేచే రాతి దుమ్ములో సిలికా ఉంటుంది. అది గళ్లకు ప్రత్యేకమైన రంగేమీ ఇవ్వదు. నిశ్శబ్దంగా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సిలికోసిస్ వచ్చినవాళ్లకు క్షయ సోకే ముప్పు మామూలు వాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువ. రాయి కోసే మనిషికి దగ్గు వస్తే ‘తెల్లగానే పడుతోంది, ఏం కాదు’ అనుకోవడానికి వీల్లేదు.

తుప్పు రంగు గళ్ల, చలితో కూడిన జ్వరం, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పోటు కలిసి వస్తే అది న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా తెచ్చే న్యుమోనియా కావచ్చు. ఇక్కడ యాంటీబయాటిక్ ప్రాణం నిలుపుతుంది, ఆలస్యం చేయకూడదు. నురగ నురగగా గులాబీ రంగులో వస్తూ, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటుంటే జబ్బు గుండెది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోంది. అప్పుడు వెతకాల్సింది దగ్గు మందు కోసం కాదు, 108 కోసం. చాక్లెట్ రంగులో చిక్కగా వస్తే, కుడివైపు డొక్కలో నొప్పి ఉంటే, కాలేయంలో అమీబా వల్ల కట్టిన చీముగడ్డ ఊపిరితిత్తిలోకి పగిలి ఉండొచ్చు. అరుదే అయినా మన దేశంలో చూసేదే. దుర్వాసన కొడుతుంటే ఊపిరితిత్తిలోనే గడ్డ ఉందేమో చూడాలి.

ఎరుపు దగ్గర మొదట తేల్చుకోవాల్సింది అది రక్తమా, వక్కాకు రసమా అన్నది. భోజనం తరవాత ఆకు, వక్క, సున్నం నమిలే అలవాటున్న పెద్దవాళ్లలో ఉమ్మి ఎర్రగా ఉండటం ఇంట్లో ఎవరికీ వింత కాదు. ఆ అలవాటే నిజమైన రక్తాన్ని దాచేస్తుంది. అనుమానం వస్తే రాత్రి నోరు శుభ్రంగా పుక్కిలించి, వక్కాకు వేసుకోకుండా పడుకుని, పొద్దున మొదటి గళ్లను తెల్ల కాగితం మీద చూడాలి. అప్పటికీ ఎర్రటి చార కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. గట్టిగా దగ్గినప్పుడు గొంతు గీసుకుపోయి ఒక చార రావచ్చు. క్షయ, బ్రాంకియెక్టసిస్, చిన్నప్పటి కీళ్లవాతం వల్ల దెబ్బతిన్న గుండె కవాటం, ఊపిరితిత్తుల క్యాన్సర్, వీటిలో ఏదైనా కావచ్చు కూడా. ఇంట్లో కూర్చుని వీటి మధ్య తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

నారింజ రంగు గురించి ముందే చెప్పి ఉంచాల్సిన వాళ్లు క్షయ మందులు మొదలుపెట్టినవాళ్లు. ఆ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ మూత్రం, చెమట, కన్నీరు, గళ్ల అన్నిటినీ నారింజ రంగులోకి మారుస్తుంది. రక్తం పోతోందనుకుని హడలిపోయి మాత్రలు ఆపేస్తే జబ్బు మొండికేస్తుంది. ఆ రంగు వల్ల ఏ ప్రమాదమూ లేదు, మందు ఒంట్లోకి చేరిందనడానికి అది గుర్తు.

క్షయకు రంగు లేదు

ఇన్ని రంగుల్లో క్షయది ఏ రంగు? ఏ రంగూ కాదు. గళ్ల తెల్లగా ఉండవచ్చు, పసుపుగా ఉండవచ్చు, రక్తపు చార ఉండవచ్చు, అసలు గళ్లే పడకుండా పొడి దగ్గు ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో లోకంలోని కొత్త క్షయ రోగుల్లో 26 శాతం భారత్‌లోనే ఉన్నారు. ఇలాంటి దేశంలో రంగును నమ్ముకుని ఇంట్లో కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

రంగును కాదు, పరీక్షను నమ్మాలన్న పాఠాన్ని దేశానికి నేర్పిన నేల మన చుట్టుపక్కలే ఉంది. ఒకప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1912లో అనేక క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ శానిటోరియం స్థాపించాయి. అది 1915లో ఊరి బయటికి మారింది. ఆ చోటే ఆరోగ్యవరం. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దాన్ని నడిపించాడు. మందులు లేని ఆ కాలంలో చల్లటి గాలి, మంచి తిండి, విశ్రాంతి, తరవాత శస్త్రచికిత్స, ఇవే వైద్యం. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి ఊళ్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి అక్కడి వైద్య బృందం చుట్టుపక్కల ఊళ్లలో జనాన్ని పరీక్షిస్తూ, టీకా ఎంత కాపాడుతుందో ఏళ్ల పాటు గమనించింది.

ఇంకా ముఖ్యమైన సంగతి తుమకూరు నుంచి వచ్చింది. 1959లో బెంగళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ పరిశోధకులు డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో గళ్లలో క్షయ క్రిమి ఉన్నవాళ్లతో మాట్లాడి 1963లో తమ పరిశీలన ప్రకటించారు. పల్లె జనానికి జబ్బు తెలియదని, ఆస్పత్రికి రారని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. తేలింది వేరు. వాళ్లలో సగానికి పైగా మంది అప్పటికే ఆస్పత్రి గడప తొక్కారు. వాళ్ల చేతికి దక్కింది ఒక దగ్గు మందు సీసా. గళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవాళ్లు లేరు. దగ్గుతో వచ్చిన మనిషి గళ్లను దగ్గర్లోని ఆస్పత్రిలోనే పరీక్షించాలన్న ఆలోచన మీద 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం నిలబడింది. దాన్ని తొలుత అమలుచేసి చూసిన చోట్లలో మన అనంతపురం జిల్లా ఉంది. అరవై ఏళ్లు దాటాక కూడా దగ్గు మందు సీసాతోనే మనిషిని ఇంటికి పంపుతున్నామంటే ఆ పాఠాన్ని మనమే మరిచిపోయామన్నమాట.

పైగా ఇప్పుడు సీసాతో పాటు మాత్రలు కూడా దొరుకుతున్నాయి. లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు క్షయ క్రిమి మీదా కొంత పనిచేస్తాయి. నాలుగు రోజులు వాడితే దగ్గు నెమ్మదిస్తుంది, జ్వరం దిగుతుంది, పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు. జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. కొన్ని వారాలు ఊరుకుని మళ్లీ పైకి లేస్తుంది, ఈలోగా ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. ఈ రకం మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినదాన్ని రిజిస్టరులో రాయాలని 2014లో షెడ్యూల్ హెచ్1 అనే నిబంధన అమల్లోకి వచ్చింది ఇందుకే.

మంచి గళ్ల ఎలా ఇవ్వాలి

జలుబు దగ్గు కూడా అన్నాళ్లు ఉండొచ్చు, అయినా క్షయ కాదని తేల్చుకోవడానికి రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా గళ్ల పరీక్ష చేయించాలి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, గళ్లలో రక్తం, వీటిలో ఒకటున్నా రెండు వారాలు ఆగనక్కర్లేదు. షుగరు ఉన్నవాళ్లు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు, ఇంట్లో క్షయ రోగి ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి. పరీక్ష ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితం. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతుంది.

చాలామంది కప్పు నిండా ఉమ్మి తెచ్చిస్తారు. ఉమ్మిలో క్రిమి దొరకదు, ‘లేదు’ అని రాసిచ్చిన కాగితం తప్పుడు ధైర్యాన్నిస్తుంది. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి ఓ క్షణం బిగబట్టాలి. రెండు మూడు సార్లు అలా చేశాక ఛాతీ లోతు నుంచి దగ్గి, పైకి వచ్చినదాన్ని కప్పులో వేసి వెంటనే మూత బిగించాలి. చిక్కగా, జిగటగా, ఒక చెంచా పాటి ఉంటే చాలు. బుడగలతో నీళ్లలా ఉంటే అది ఉమ్మే, మళ్లీ ప్రయత్నించాలి. నిద్ర లేవగానే వచ్చేది అన్నిటికంటే మంచి నమూనా.

ల్యాబులో ఆ గళ్ల అసలు రంగుతో పనిలేదు. గాజు పలక మీద పలచగా పూసి, జీల్-నీల్సన్ పద్ధతిలో రంగులు అద్దుతారు. నీలిరంగు నేపథ్యంలో సన్నటి ఎర్రటి పుల్లల్లా క్షయ క్రిములు కనిపిస్తాయి. ఒక మిల్లీలీటరు గళ్లలో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉంటేనే ఈ పరీక్షకు చిక్కుతాయి. సీబీనాట్ అనే జన్యు పరీక్ష యంత్రమైతే వంద కంటే కాస్త ఎక్కువ క్రిములు ఉన్నా పట్టేస్తుంది, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా సుమారు రెండు గంటల్లో చెబుతుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం ఇదే పనిని బ్యాటరీ మీద, చిన్న ఆస్పత్రుల్లో కూడా చేస్తుంది. క్షయ అని తేలితే మందులు ఉచితం. తిండి ఖర్చుకు నెలనెలా ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000కి పెంచారు.

ఇంట్లో చూసుకోవాల్సింది

మామూలు పడిశం, దగ్గులకు విశ్రాంతి, తగినన్ని నీళ్లు, గోరువెచ్చటి ఉప్పునీటి పుక్కిలింత చాలు. మిరియాల చారు, మిరియాల పాలు గొంతుకు హాయినిస్తాయి, నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. తేనె దగ్గును కొంత తగ్గిస్తుంది గానీ ఏడాది నిండని బిడ్డకు నాకించకూడదు. పసిపిల్లలను మరుగుతున్న గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టొద్దు, కాలిన గాయాలు అవుతాయి. దగ్గు మందు సీసాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు సాధారణంగా వాడొద్దని కేంద్రం మళ్లీ హెచ్చరించింది.

పెదవులు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా, మనిషి మత్తుగా అయోమయంగా ఉన్నా, బిడ్డ ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, దగ్గితే చెంచాలకొద్దీ రక్తం పడినా రంగుల చర్చ పెట్టుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరువాళ్లకు జిల్లా ఆస్పత్రి ఉంది, రాయవేలూరు సీఎంసీ అందుబాటు దూరంలోనే ఉంది. డాక్టరు ముందు కూర్చున్నాక రంగుతో పాటు నాలుగు సంగతులు చెప్పండి: దగ్గు మొదలై ఎన్ని రోజులైంది, తోడుగా ఏమేం ఉన్నాయి, మీరు చేసే పని ఏమిటి, ఇప్పటికే ఏ మాత్రలు మింగారు. రోగనిర్ధారణలో సగం ఆ జవాబుల్లోనే ఉంటుంది, మిగతా సగం గళ్ల పరీక్షలో తేలుతుంది.